తోలు సీటూ – తంగేడు చెక్కా

కారులో తోలు సీట్లున్నాయంటే ఆ కారు గొప్పవాళ్ళదే అయి వుండాలని మనకొక గట్టి నమ్మకం. ఇవాళ కార్లమ్మే షోరూముకు వెళ్ళి చూడండి. అప్పటిదాకా హుషారుగా మాట్లాడిన కుర్రాడు “లెదర్ సీట్లు సార్” అనేటప్పటికి గొంతు తగ్గిస్తాడు, గర్భగుడిలో వున్నట్టు. తీరా అది అసలు తోలేనా అన్నది వేరే సంగతి. నేను చెప్పబోయేది అంతకన్నా తమాషా అయినది. మోటారు కార్లు కొత్తగా వచ్చిన రోజుల్లో తోలు సీటు యజమానిది కాదు. డ్రైవరుది.

నమ్మరూ? అయితే కారుకు తాతగారైన గుర్రబ్బగ్గీ దగ్గరికి వెళ్ళాలి. ఇంగ్లండులో దొరలు బగ్గీ తలుపులు వేసుకుని లోపల కూర్చునేవారు. లోపలంతా మెత్తటి వున్నిగుడ్డ, పట్టు, మఖమలు. బండి తోలేవాడు మాత్రం బయట, వానలో, ఎండలో, మంచులో. తడిసినా తుడిస్తే సరిపోయేది కావాలి గనక వాడి పీటకు తోలు కుట్టేవారు. తోలేవాడికి తోలు, వూరేగేవాడికి పట్టు, అదీ లెక్క. ఆ బగ్గీలు కట్టిన పనివాళ్ళే మొదటి కార్లకూ ఒళ్ళు కట్టారు. అందుకే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఖరీదైన కార్లలో ముందు భాగానికి కప్పు లేదు, అక్కడ డ్రైవరు, అతని కింద తోలు. వెనక గదిలో అయ్యగారు, అమ్మగారు, వాళ్ళ కింద వున్నిగుడ్డ. తోలు మీద కూర్చోమంటే ఆ అమ్మగారు చిన్నబుచ్చుకునేదేమో!

తర్వాత కార్లకు నిండా కప్పులు వచ్చాయి. యజమానులు తామే తోలుకోవటం మొదలుపెట్టారు. తోలు ముందు సీటు నుంచి వెనక్కి పాకింది. కానీ దాని పరువు నిజంగా పెంచింది మాత్రం దాని నకలు. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1910లో ఫాబ్రికాయిడ్ అనే కంపెనీని కొనేసి, గుడ్డ మీద పూత పూసిన దొంగతోలును పెద్ద ఎత్తున తయారుచేసింది. ఇంగ్లండులో మాంచెస్టరు దగ్గర ఒక వూళ్ళో అలాంటిదే ఇంకొకటి తయారయింది. ఆ వూరి పేరు హైడ్. ఇంగ్లీషులో ఆ వుచ్చారణకే తోలు అనే అర్థం కూడా వుంది. దొంగతోలు పుట్టటానికి అంతకన్నా తగిన వూరు దొరకదు! ఆ సరుకు పేరు మీకు నాకన్నా బాగా తెలుసు – రెక్సిన్. దూదికి నత్రికామ్లం పట్టించి చేసే పదార్థంలో కర్పూర తైలం, సారాయి, రంగు కలిపి గుడ్డకు పూస్తే రెక్సిన్. ఆ పదార్థం తుపాకిమందుకు దగ్గర చుట్టం. కంపెనీ పేరు మరిచిపోయినా మనం ఆ మాటను మాత్రం వదల్లేదు. సంచీ, సినిమా హాలు కుర్చీ, రిక్షా సీటు, అన్నిటికీ రెక్సినే. 2014 దాకా తయారైన అంబాసిడర్లలో కూడా మామూలుగా మనం కూర్చున్నది దాని జాతి సరుకు మీదనే, పైన తెల్లటి గలీబు తొడిగి. చవకది అందరికీ అందేసరికి అసలుది గొప్పదయిపోయింది. లోకరీతి.

ఈ చరిత్రంతా ఎందుకంటే, ఇంట్లో సీటు బాగుచెయ్యాలని కూర్చున్నవాడికి ఇది తెలియకపోతే అడుగు ముందుకు పడదు. చీలిక దగ్గర వెనకవైపు తిప్పి చూస్తే నేత గుడ్డ కనబడిందనుకోండి, అది రెక్సిన్. దానికి ఏ నూనే ఎక్కదు, ఏ వైద్యమూ పనిచెయ్యదు, కొత్తది కుట్టించుకోవటమే. వెనక పీచుపీచుగా, దూదేకినట్టు వుంటే తోలు. అప్పుడు రెండో ప్రశ్న వస్తుంది. ఏ తోలు?

నాకీ ప్రశ్న ముప్ఫై యేళ్ళ కిందట ఎదురయింది. మా మామయ్య దగ్గర ఒక పాత ఇంగ్లీషు కారుండేది. 1950ల నాటిది. ఇంజను ఎప్పుడో మొండికేసింది గానీ ఆయనకు దాని సీట్ల మీద ప్రాణం. ఎర్రటి తోలు, ఎండిన చెరువులా నెర్రెలిచ్చింది. ఆయన దానికి కొన్నేళ్ళ పాటు కొబ్బరినూనె పట్టించారు, ఆ తర్వాత బూట్ల పాలిషు పట్టించారు. నిగనిగలాడింది. ఆ నిగనిగతోనే ఒక పెళ్ళికి వెళ్ళి దిగితే, ఆయన తెల్ల పంచె వెనక భాగాన సీటు నమూనా అంతా దిగింది. పెళ్ళివారు మర్యాదస్తులు, ఎవరూ ఏమీ అనలేదు. భోజనాల దగ్గర మాత్రం ఆయన పక్కన కూర్చోవటానికి ఎవరూ రాలేదు. ఆ తర్వాత సీట్లు వూడదీసి మా వసారాలో పడేసి, “నువ్వేదో చదువుతుంటావుగా, చూడు” అన్నారు.

చదివింది ఎంత చదివినా, తెలిసినవాడు బస్టాండులో వున్నాడు. చెప్పులు కుట్టే ముసలాయన. వయసులో వున్నప్పుడు జీన్లు, గుర్రపు పట్టెడలు కుట్టినవాడు. పిలిస్తే వచ్చాడు. సీటు అంచు దగ్గర కుట్టు రెండంగుళాలు విప్పి, తోలు కొసను కత్తితో పలచగా చెక్కాడు.

“రంగు చూడండి బాబూ. కోత గోధుమరంగులో వుంటే చెక్కతో చేసింది. ఇట్లా బూడిదరంగు, నీలంగా వుంటే మందుతో చేసింది. ఇది మందుతోలు. బతికిపోయారు.”

“చెక్కదయితే?”

ఆయన తన సంచీలోంచి ఒక పాత పటకా తీసి రెండు వేళ్ళ మధ్య నలిపాడు. ఎర్రటి పొడి రాలింది, పాత ఇటుక రాలినట్టు. “ఇట్లా అయ్యేది” అన్నాడు.

ఆ రెండు మాటల వెనకా పెద్ద కథలున్నాయి. చెక్క అంటే మన వైపు ముఖ్యంగా తంగేడు చెక్క. వూరి బయట లందల్లో పచ్చితోలును సున్నంలో నానేసి, రోమాలు గీకి, తంగేడు చెక్క నీళ్ళలో వారాల తరబడి వూనేవారు. రంగు తిరగకుండా కరక్కాయ నీళ్ళు, మెత్తబడటానికి కానుగనూనో నువ్వులనూనో. తంగేడు పువ్వును బతుకమ్మలో పేర్చి మొక్కుతాం. తెలంగాణకు అది రాష్ట్ర పుష్పం కూడా. అదే చెట్టు బెరడును లందలో వేసిన మనిషిని మాత్రం బావి దగ్గరికి రానివ్వలేదు. అతను చేసిన తోలు లేకపోతే మోట లేదు, మోట లేకపోతే ఆ బావిలో నీళ్ళు మడిలోకి ఎక్కవు. ఇది ఎవరికీ విడ్డూరంగా తోచకపోవటమే విడ్డూరం.

ఈ తంగేడు తోళ్ళు మద్రాసు రేవు నుంచి ఓడల మీద లండనుకు లెక్కలేనన్ని వెళ్ళేవి. అక్కడ వాటితో పుస్తకాలకు అట్టలు వేశారు, ఇంకా ఏవేవో చేశారు. కొన్నాళ్ళకు లైబ్రరీల్లో అట్టలు పొడిపొడిగా రాలటం మొదలయింది. 1843లోనే ఫారడే, అవును, విద్యుత్తు ఫారడేనే, ఒక క్లబ్బులో కుర్చీలూ పుస్తకాలూ పాడవుతుంటే చూసి, గ్యాసు దీపాల పొగ మీద నేరం మోపాడు. తర్వాత 1900లో సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ వారు ఒక సంఘం వేసి విచారిస్తే, 1905లో వచ్చిన పూర్తి నివేదికలో అన్నిటికన్నా తొందరగా చెడేవాటిల్లో మన తంగేడు తోళ్ళ పేరు వుంది. ఇందులో మనవాళ్ళ పనితనానికి వచ్చిన లోపమేమీ లేదు. ఆ చెక్కలోని పులుపు జాతి గంధకపు పొగకు తట్టుకోలేదు, అంతే. చెప్పుకూ, మోటకూ, పల్లెగాలికీ అది చక్కటి తోలు. బొగ్గుపొగ కమ్మిన లండనులో నూరేళ్ళుండమంటే ఎట్లా వుంటుంది?

ఇక మందు. న్యూయార్కులో అగస్టస్ షుల్జ్ 1884లో క్రోమియం లవణాలతో తోలు చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. 1893లో మార్టిన్ డెన్నిస్ దాన్ని సులువు చేశాడు. చెక్కతో నెలలు పట్టే పని మందుతో రోజుల్లో తేలిపోయింది. ఆ తోలు వేడికి ముడుచుకోదు, తడికి తొందరగా చివకదు. మద్రాసుకు ఈ పద్ధతిని ఆల్ఫ్రెడ్ చాటర్టన్ ఇరవయ్యో శతాబ్దపు తొలి యేళ్ళలో తీసుకొచ్చాడు. ఎందుకోసమనుకున్నారు? నీళ్ళు తోడే మోటతోళ్ళ కోసం! కారు సీటు దాకా వచ్చిన విద్య మన దేశంలో బావిగట్టు మీదే తొలి అడుగు వేసింది.

తర్వాత 1948లో మద్రాసు అడయారులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ వెలిసింది. దాన్ని లోకానికి తెలియజెప్పినవాడు మన తెనాలి దగ్గర యలవర్రులో 1922లో రైతు ఇంట పుట్టిన యలవర్తి నాయుడమ్మ. 1958 నుంచి 1971 దాకా దానికి డైరెక్టరు. తోలు పనంటే ముక్కు మూసుకునే దేశంలో, చదువుకున్న రైతుబిడ్డ తోలు శాస్త్రాన్ని ఏరికోరి చేపట్టటం ఆ రోజుల్లో చిన్న మాట కాదు. 1985 జూన్ 23న కనిష్క విమానం సముద్రంలో కూలినప్పుడు ఆయన అందులో వున్నారు.

మళ్ళీ మా వసారాకు వద్దాం. ముసలాయన చెప్పినదాని సారం ఏమిటంటే, మందుతోలు గనక లోపల తోలు బాగానే వుంది. పగిలింది పైరంగు. తోలు సీటు అంటే వట్టి తోలు కాదు, దాని మీద రంగుపూత, ఆ పైన మెరుగుపూత వుంటాయి. ఆ రోజుల పూతల్లో రెక్సిన్‌లో వాడిన దూది సరుకే వుండేది, ఎండకు పెళుసెక్కి చిట్లుతుంది. దాని మీద నూనె పోస్తే పూత తాగదు. చిట్లిన సందుల్లోంచి లోపలికి దిగి కుట్టుదారాన్ని కుళ్ళబెడుతుంది, అంతే. లండనులో 1878 నుంచీ పేరున్న కానలీ కంపెనీ వాళ్ళు “హైడ్ ఫుడ్” అని డబ్బాల్లో అమ్మేవారు. తోలుకు భోజనం అన్నమాట! పలచని పూతల కాలానికి అది సరే. ప్లాస్టిక్కులాంటి పూత కప్పుకున్న ఇవాళ్టి తోలుకు ఆ భోజనం గొంతు దిగదు.

అందుకని ముందు మామయ్య పట్టించిన పాలిషూ నూనే వదిలించటానికే మాకు రెండు రోజులు పట్టింది. మెత్తటి సబ్బు నురగ, బాగా పిండిన గుడ్డ, నీళ్ళు చాలా తక్కువ. ఆరాక స్పిరిటు తడిపిన గుడ్డతో ఒక్కసారి. ఆ తర్వాత సన్నటి ఉప్పుకాగితంతో పగుళ్ళ అంచులు వేలికి తగలనంత వరకూ రుద్దాలి. తోలు కనపడిందాకా రుద్దితే మళ్ళీ కథ మొదటికి. చీలిన చోట ముసలాయన అడుగున పలచని మేకతోలు ముక్క దూర్చి, అంచులు దగ్గరికి లాగి అతికించాడు. పైన ముక్క వేసినవాడు పనివాడు కాదట. పగుళ్ళలో వంగే గుణమున్న లప్పం, ఒకేసారి మందంగా కాదు, పొర ఆరాక పొర. దానికి ఓర్పు కావాలి. ఇప్పుడు ఈ లప్పాలూ నీటిలో కలిసే తోలురంగులూ చిన్న సీసాల్లో దొరుకుతున్నాయి. అప్పట్లో వాటి కోసం నేను మద్రాసు వెళ్ళొచ్చాను.

ముసలాయన నాలుగు రోజులు వచ్చాడు. కుట్లు వేసేది నేల మీద కూర్చునే. “సీటు మీద కూర్చుని కుట్టు తాతా, నడుం పట్టేస్తుంది” అన్నాను. “నాకు కిందే బావుంటది బాబూ, సూది కనబడుద్ది” అన్నాడు. వసారాలో వెలుతురు పైనా కిందా ఒకటే. నేను కూడా కిందే కూర్చుని దారానికి మైనం పట్టిస్తూ వుండిపోయాను. కూలి అడిగితే చెప్పుల లెక్కనే చెప్పాడు. అది చెప్పుల పని కాదని ఆయనకు నచ్చజెప్పి ఎక్కువ తీసుకునేట్టు చెయ్యటానికి, సీటు పనికన్నా ఎక్కువ అవస్థ పడ్డాను.

రంగు దగ్గర ఒక చిక్కు వచ్చింది. సీటు పైన ఎరుపు నలభై యేళ్ళ ఎండకు వెలిసిపోయి ఒక్కోచోట ఒక్కోలా వుంది. ఏ ఎరుపు కలపాలి? ముసలాయన సీటును బోర్లించి, వీపూ పీటా కలిసే మడతలోకి చెయ్యి దూర్చి తోలు ఎత్తి పట్టుకున్నాడు. ఎండ ఎన్నడూ సోకని ఆ జానెడు మేర పాత ఎరుపు అలాగే వుంది, పండిన మిరపకాయలా. దానికి సరిపోయేలా రంగు కలిపి, స్పాంజి ముక్కతో తుడిచినట్టు పలచగా అయిదు పొరలు వేశాం, పొరపొరకూ నీడలో ఆరనిచ్చి. పైన మెరుపు లేని మెరుగుపూత. వారం రోజుల పాటు ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఎనిమిదో రోజున మామయ్య కొత్తగా వుతికిన తెల్ల పంచె కట్టుకుని వచ్చి, చాలాసేపు కూర్చుని లేచి, వెనక్కి తిరిగి, “చూడరా” అన్నారు.