అప్పు కాదు, ఆర్డర్ కావాలి: అట్లాంటా ఎయిర్‌పోర్ట్ నుంచి మన 4% దాకా



అమెరికాలో చుట్టాలున్న వాళ్లందరికీ అట్లాంటా ఎయిర్‌పోర్ట్ పేరు తెలిసే ఉంటుంది. ప్రయాణికుల సంఖ్యలో ఏళ్ల తరబడి ప్రపంచంలో నంబర్ వన్. దాని పూర్తి పేరు హార్ట్స్‌ఫీల్డ్-జాక్సన్. ఈ జాక్సన్ ఎవరో తెలుసా? పైలట్ కాదు, ఇంజనీర్ కాదు. ఆ ఊరి మేయర్. ఎయిర్‌పోర్ట్ కట్టే కాంట్రాక్టులు ఎవరికి వెళ్తున్నాయి అన్న ఒక్క ప్రశ్న మీద పట్టుబట్టి కూర్చున్న మనిషి. ఈరోజు ఎపిసోడ్ ఆ ప్రశ్న గురించే.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 1967 జూలైలో కార్ల కంపెనీల ఊరు డెట్రాయిట్ తగలబడింది. ఆ అల్లర్లలో 43 మంది చనిపోయారు. నల్లజాతి వాళ్లకి ఉద్యోగాలిస్తే సరిపోదు, వాళ్ల వ్యాపారాలు కూడా నిలబడాలి అన్న మాట ఆ రోజుల్లోనే గట్టిగా వినిపించింది. 1969 మార్చిలో ప్రెసిడెంట్ నిక్సన్ మైనారిటీ వ్యాపారాల కోసం ఒక ప్రత్యేక ఆఫీసు పెట్టాడు. 1972లో మైనారిటీ సప్లయర్ల దగ్గర కొనడం కోసం పెద్ద కంపెనీల కౌన్సిల్ ఒకటి మొదలైంది. దీన్నే తర్వాత సప్లయర్ డైవర్సిటీ అన్నారు. ఐడియా చాలా సింపుల్: విరాళం ఇవ్వొద్దు, వాళ్ల దగ్గర సరుకు కొనండి.

కొనడమే ఎందుకు? నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు ఒక వెండర్ రిజిస్ట్రేషన్ పోర్టల్ మీద పనిచేశాను. అందులో స్టార్ గుర్తు పెట్టిన గడులు ఉంటాయి కదా, నింపకపోతే ముందుకి పోనివ్వవు. గత మూడేళ్ల టర్నోవర్, ఇంతకుముందు చేసిన ఇలాంటి పని. పని చేసినవాడికే పని అన్నమాట. మరి మొదటి పని ఎవరిస్తారు? తెలిసినవాళ్లు ఇస్తారు. మామయ్యో, నాన్న స్నేహితుడో, పాత క్లాస్‌మేటో. తరతరాలుగా ఆ తెలిసినవాళ్లే లేని ఇంటి నుంచి వచ్చినవాడికి బ్యాంకు లోన్ ఇచ్చినా, మెషీన్ కొని షెడ్డులో పెట్టుకోవడమే అవుతుంది. తిరగాలంటే ఆర్డర్ కావాలి.

ఇప్పుడు అట్లాంటాకి వద్దాం. మేనార్డ్ జాక్సన్ 1974లో మేయర్ అయ్యాడు. అప్పటికి వయసు 35. ఆ ఊరికి మొదటి నల్లజాతి మేయర్. జనాభాలో సగం మంది నల్లవాళ్లే, కానీ సిటీ కాంట్రాక్టుల్లో వాళ్లకి 1% కూడా రావట్లేదు. సరిగ్గా అప్పుడే కొత్త టెర్మినల్ కట్టాల్సి వచ్చింది. సుమారు 50 కోట్ల డాలర్ల పని. జాక్సన్ షరతు పెట్టాడు: కాంట్రాక్టుల్లో 25% మైనారిటీ సంస్థలకి రావాలి, పెద్ద కంపెనీలు వాళ్లని పార్టనర్లుగా కలుపుకుని రావాలి.

గొడవ మామూలుగా జరగలేదు. ఖర్చు పెరుగుతుంది, క్వాలిటీ పోతుంది, ఆలస్యమవుతుంది అన్నారు. పని ఆగిపోయింది కూడా. ఆయన మాత్రం కదల్లేదు. చివరికి కంపెనీలే దిగొచ్చాయి. 1980 సెప్టెంబర్‌లో టెర్మినల్ తెరిచారు. అనుకున్న టైమ్‌కే, అనుకున్న బడ్జెట్ దాటకుండానే. ఆయన చనిపోయిన 2003లోనే ఎయిర్‌పోర్ట్ పేరులో ఆయన పేరు చేరింది.

అంతా సాఫీగా సాగిందనుకోకండి. పేరుకి నల్లజాతి ఓనర్, వెనక అసలు యజమాని వేరే. మన భాషలో బినామీ. అందుకే 51% వాటా నిజంగా వాళ్లదే అని, వ్యాపారం నడిపేది కూడా వాళ్లే అని సర్టిఫికెట్ అడగడం వచ్చింది.

రెండో దెబ్బ కోర్టు నుంచి. రిచ్‌మండ్ అనే ఊళ్లో దాదాపు సగం జనాభా నల్లవాళ్లు. ఐదేళ్లలో వాళ్లకి దక్కిన సిటీ కాంట్రాక్టులు 0.67%. అందుకని 1983లో 30% వాటా పెట్టారు. 1989లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. జనాభా లెక్క చాలదు, ఆ పనికి అర్హత ఉన్న కాంట్రాక్టర్లు ఎంతమంది ఉన్నారో చూసి వివక్ష నిరూపించండి అంది. కానీ కాంట్రాక్టులు రాలేదు కాబట్టే కాంట్రాక్టర్లు తక్కువ! బీటెక్‌లో ఓఎస్ చదివినవాళ్లకి ఇది తెలుసు, డెడ్‌లాక్.

ఈ ఐడియా మన దేశానికి ఎలా వచ్చింది? 2002 జనవరిలో భోపాల్‌లో దళిత మేధావుల సదస్సు జరిగింది. అమెరికా అనుభవం చూసి, సప్లయర్ డైవర్సిటీ ఇక్కడా కావాలని భోపాల్ డిక్లరేషన్‌లో రాశారు. 2005లో దళిత పారిశ్రామికవేత్తల ఛాంబర్ డిక్కీ పుట్టింది. 2012లో కేంద్రం ఆర్డర్ తెచ్చింది: కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 20% చిన్న పరిశ్రమల నుంచి కొనాలి, అందులో 4% ఎస్సీ, ఎస్టీల సంస్థల నుంచి. ఆ 20% తర్వాత 25% అయింది, మహిళలకి 3% చేరింది. వైజాగ్ స్టీల్, హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, బీడీఎల్ అన్నీ దీని కిందికే వస్తాయి.

మొత్తం 25% టార్గెట్ దాటుతున్న సంవత్సరాలు ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీల 4% మాత్రం ఎప్పుడూ చాలా దూరంలోనే ఉండిపోతోంది. ఎందుకంటే, 4% తప్పినందుకు ఏ టెండరూ ఆగదు. అట్లాంటాలో ఆగింది. నా దృష్టిలో తేడా అంతా అక్కడే ఉంది. ఎంత శాతం అని రాశారన్నది కాదు, అది తప్పితే ఏమవుతుందన్నదే ముఖ్యం.

అయినా చేతిలో ఉన్నది వదులుకోవద్దు. మీ ఇంట్లో గానీ వీధిలో గానీ చిన్న యూనిట్ నడిపేవాళ్లుంటే ఈ మూడూ చెప్పండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి ఫీజు లేదు. అది ఉన్న చిన్న యూనిట్‌కి, ఈ ఆర్డర్ కింద వచ్చే టెండర్లలో ఈఎండీ కట్టక్కర్లేదు. సరుకు తీసుకున్నవాళ్లు 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి, లేకపోతే చట్టప్రకారం వడ్డీ పడుతుంది.

ఇక మీలో ఎవరైనా రేపు ఒక కంపెనీలో పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌లో కూర్చుంటే, ఆ స్టార్ గుర్తు పెట్టిన గడి మీ చేతిలోనే ఉంటుంది. అది ఎవరిని లోపలికి రానిస్తోంది, ఎవరిని గేటు దగ్గరే ఆపేస్తోంది, ఒక్కసారి చూడండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.