ఊదా రంగు కింద పొలం

"గీ కాయితంల మన సర్వే నంబరు ఏడుంది బిడ్డా?"

కాగితం కాదు, సెల్‌ఫోన్ తెర. మనవడు రెండు వేళ్లతో పటాన్ని పెద్దది చేసి ముసలామె కళ్ల ముందు పెట్టాడు. ఆమె ఒళ్లో పట్టాదారు పాసుపుస్తకం ఉంది. ప్లాస్టిక్ కవరు అంచులు చిరిగిపోయినా లోపలి పుస్తకం నలగలేదు. పండక్కి తీసే పట్టుచీర కన్నా దాన్ని భద్రంగా దాచుకుంది.

"ఇగో నానమ్మా, గీడ. ఊదా రంగేసిండ్రు."

"ఊదా రంగంటే?"

"ఫ్యాక్టరీల జాగట."

"మనల్ని అడగకుంటనే?"

పిల్లాడి దగ్గర జవాబు లేదు. 2022 చివరి వారాల్లో కామారెడ్డి చుట్టుపక్కల చాలా అరుగుల మీద ఇదే ప్రశ్న వినిపించింది.

(ఈ గాథలో తేదీలు, సంఘటనలు, ప్రజాజీవితంలో ఉన్నవారి పేర్లు యథార్థం. పేరు లేని మనుషులు, వాళ్ల మాటలు మాత్రం ఆ రోజుల్లో ఆ ఊళ్లు పడ్డ బాధను బట్టి నేను కూర్చినవి.)

కామారెడ్డి రోడ్డు మీద పెరిగిన పట్టణం. ఒక పక్క 44వ నంబరు జాతీయ రహదారి, మరో పక్క రైలు పట్టాలు. ఒకప్పుడు బెల్లం మార్కెట్‌కు పేరుపడ్డ ఊరు. 2016 అక్టోబర్ 11న జిల్లా కేంద్రమయ్యాక భూమి ధర రెక్కలు కట్టుకుంది. చుట్టుపక్కల పల్లెలు కొన్ని మున్సిపాలిటీలో కలిశాయి. బోరు కింద వరి, మక్క పండించుకునే రైతు ఓ పొద్దున లేచి చూసుకునేసరికి పట్టణవాసి అయిపోయాడు. పొలం మాత్రం పొలంగానే ఉంది.

ఆ పొలం మీదే, ఏ భూమి దేనికో రంగుల్లో చూపే మున్సిపాలిటీ మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చి వాలింది. అడ్లూర్, ఇల్చిపూర్, టేక్రియాల్, లింగాపూర్, రామేశ్వర్‌పల్లి, అడ్లూర్ ఎల్లారెడ్డి... ఇలా ఒక్కొక్క ఊరి నుంచీ రైతులు లేచారు. పచ్చటి సాగుభూమిని పారిశ్రామిక జోన్‌గా చూపారని, పొలాల మధ్య నుంచి వెడల్పాటి రోడ్లు గీశారని వాళ్ల గోడు.

"భూమి ఎవరూ గుంజుకోవట్లేదు కదా, పటంలో రంగు మారిందంతే, ఎందుకింత భయం?" అన్నవాళ్లున్నారు. ఆ మాట పైకి నిజంలాగే ఉంటుంది. అసలు చిక్కంతా దాన్లోనే ఉంది. సర్కారు భూమి సేకరిస్తే 2013 భూసేకరణ చట్టం అడ్డం నిలబడుతుంది. నష్టపరిహారం ఇవ్వాలి, పునరావాసం చూపాలి. రంగు మార్చడానికి ఇవేవీ అక్కర్లేదు. పట్టా రైతు పేరు మీదే ఉంటుంది. కానీ ఆ జోన్‌లో ఇల్లు కట్టుకుంటానంటే అనుమతి రాదు. ప్లాట్లు చేస్తానంటే లేఅవుట్ రాదు. బిడ్డ పెళ్లికి అరెకరం అమ్ముదామంటే కొనేవాడు వెనక్కి తగ్గుతాడు. ఫ్యాక్టరీవాడు ఎప్పుడొస్తాడో, ఎంతిస్తాడో తెలియదు. వచ్చిన రోజున బేరం వాడి చేతిలోనే ఉంటుంది. ఎకరం, రెండెకరాల రైతుకు పొలమే పెన్షన్, పొలమే ఇన్సూరెన్స్, పొలమే కట్నం. దాని ధర పడిపోతే, ఒక్క గజం గుంజుకోకపోయినా ఆ కుటుంబం సగం మునిగినట్టే.

2023 జనవరి మొదటి వారంలో ఓ రైతు ప్రాణం తీసుకున్నాడు. ఆ ఇంటి దుఃఖాన్ని ఇక్కడ పరిచి చూపడం నాకిష్టం లేదు. అది విన్న ఊళ్లు ఇక ఇళ్లల్లో కూర్చోలేకపోయాయి.

జనవరి 5, గురువారం. ఊళ్లకు ఊళ్లు కామారెడ్డి దారి పట్టాయి. ఆడవాళ్లు కొంగు నడుముకు చుట్టుకుని నడిచారు. కలెక్టరేట్ ముందు బారికేడ్లు, వాటి వెనక పోలీసులు.

"కలెక్టర్ సారు బయటికి రావాలె. మా కాయితం తీస్కోవాలె. గంతే!"

"కొంతమంది లోపలికి రండమ్మా, మాట్లాడుదురు."

"కొంతమంది ఎందుకొస్తరు సారూ? పొలాలు పోయేది అందర్వి."

తోపులాట జరిగింది. బారికేడ్లు ఒరిగాయి. చీకటి పడ్డా జనం కదల్లేదు. మరునాడు కామారెడ్డి బంద్. ప్రతిపక్షాల నాయకులు వరస కట్టారు, అరెస్టులయ్యాయి. అది ముసాయిదా మాత్రమేనని, మార్చవచ్చని పురపాలక మంత్రి కె. తారక రామారావు చెప్పారు. అభ్యంతరాలకు జనవరి 11 వరకు గడువుందని అధికారులు గుర్తుచేశారు. రామేశ్వర్‌పల్లి రైతులు హైకోర్టు మెట్లెక్కారు.

గడువు ఉన్నమాట నిజమే. అయితే సర్వే నంబర్లు ఇంత చిన్న అక్షరాల్లో ఉన్న పటం చదివి, రంగుల అర్థం తెలుసుకుని, అభ్యంతరం రాసి, ఆఫీసులో ఇచ్చి రావడం నాట్ల రోజుల్లో ఒంటరి రైతుకు అయ్యే పనేనా? ప్రకటన ఇచ్చామన్నది అధికారుల మాట, చెప్పలేదన్నది రైతుల మాట. నేను రైతుల పక్షమే. నోటీసు గోడకు అంటించడం వేరు, మనిషికి చెప్పడం వేరు.

ఇదే పట్టణం నుంచి లింగంపేట మీదుగా పడమటికి వెళ్తే ఎల్లారెడ్డి వస్తుంది. (అడ్లూర్ ఎల్లారెడ్డి వేరు, ఈ ఎల్లారెడ్డి వేరు.) అక్కడ రైలు లేదు, 44వ నంబరు రహదారి సందడి లేదు. 1922లో కట్టిన పోచారం చెరువు కింద కొంత తరి ఉంది. ఆపైన అడవి అంచు, తండాలు, ఇంట్లో బీడీల చాట, దుబాయిలో మగమనిషి. పక్కనే మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931 నాటికి నిజాంసాగర్ కట్టారు. దానికోసం 40 దాకా ఊళ్లు ఖాళీ అయ్యాయి. నీళ్లు పారింది మాత్రం బాన్సువాడ, బోధన్ వైపు. 1937లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చిందీ బోధన్‌లోనే. ఒకరి ఊరు మునిగితే ఇంకొకరి మడి తడిసింది. ఈ జిల్లా నేలకు ఈ లెక్క కొత్తకాదు.

నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. పని కోసం పిల్లలు ఎడారికి పోతున్న చోట ఫ్యాక్టరీ గీత ఎవరూ గీయరు. రోడ్డు పక్కన, బోరు కింద పచ్చగా పండే చోటే గీస్తారు. పెట్టుబడికి లారీ తిరిగే దారి కావాలి. కాబట్టి పెరిగిన ఊరే ఇంకా పెరుగుతుంది, ఎండిన ఊరు మనుషుల్ని ఎగుమతి చేస్తుంది.

గల్ఫ్ క్యాంపుల్లో మనవాళ్ల పక్క పడకల మీద ఫిలిప్పీన్స్ వాళ్లు కనిపిస్తారు. వాళ్ల కథా ఇదే. 1974లో మార్కోస్ ప్రభుత్వం తెచ్చిన కార్మిక చట్టంతో మనుషుల్ని విదేశీ పనులకు పంపడం అక్కడ సర్కారు విధానమే అయింది. ఇంటి దగ్గర భూమి దక్కనివాడు ఓడో విమానమో ఎక్కాడు.

ఆ దేశంలో మిండనావో దీవిలో, బుకిడ్నోన్ ప్రాంతంలో సుమిలావో అనే ఊరుంది. అక్కడ 144 హెక్టార్లు, మన లెక్కలో 355 ఎకరాలకు పైగా, భూసంస్కరణ కింద రైతులకు రావలసి ఉంది. 1996లో అధ్యక్ష కార్యాలయం ఆ భూమిని వ్యవసాయం నుంచి పారిశ్రామిక వాడకానికి మార్చుకోనిచ్చింది. రంగు మారితే సంస్కరణ చట్టం వర్తించదు. 1997లో రైతులు 28 రోజులు నిరాహార దీక్ష చేశారు. కోర్టులో ఓడారు. తరవాత ఆ భూమి శాన్ మిగెల్ కంపెనీ చేతికి పోయింది. 2007లో సుమిలావో రైతులు మనీలాకు నడక మొదలుపెట్టారు. 1,700 కిలోమీటర్లు, రెండు నెలలు. ఆ డిసెంబర్‌లో అధ్యక్షురాలు అరోయో మార్పిడి ఉత్తర్వును రద్దు చేశారు. 2008 మార్చిలో కంపెనీతో ఒప్పందం కుదిరింది. తాము దున్నిన నేలలో 50 హెక్టార్లు, చుట్టుపక్కల మరో 94 దక్కాయి.

కామారెడ్డి రైతుకు అంత దూరం నడిచే అవసరం రాలేదు. 2023 జనవరి 20, శుక్రవారం. మున్సిపల్ కౌన్సిల్ అత్యవసరంగా సమావేశమై ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. జగిత్యాలలోనూ ఆ నెలలోనే మాస్టర్ ప్లాన్‌పై రైతులు రోడ్డెక్కితే, అక్కడా వెనక్కి తీసుకున్నారు.

"అయితే మన పొలం మళ్ల పచ్చగయిందా బిడ్డా?"

"పటమే లేదు నానమ్మా ఇప్పుడు."

"పటం లేకున్నా పొలమున్నది. సాలు."

ముసలామె పాసుపుస్తకాన్ని కవరులో పెట్టి పెట్టె అడుగున దాచింది.

ఆ ఏడాది నవంబర్ 30న శాసనసభ ఎన్నికలు. కామారెడ్డిలో ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర రావు నిలబడ్డారు, ఎదురుగా రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడు ఎ. రేవంత్ రెడ్డి. ఇద్దర్నీ కాదని ఓటరు స్థానికుడైన బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డిని 6,741 ఓట్ల ఆధిక్యంతో గెలిపించాడు. మాస్టర్ ప్లాన్ పోరాటంలో రైతుల వెంట నడిచిన నాయకుడాయన. ఓటంతా ఆ ఒక్క గొడవతోనే పడిందని నేననను. ఆ జనవరి చలిలో కలెక్టరేట్ ముందు కూర్చున్న రాత్రిని మాత్రం ఎవరూ మరవలేదు.

పట్టణానికి ప్రణాళిక అక్కర్లేదని కాదు. రోడ్లు కావాలి, మురుగు కాలువలు కావాలి, పరిశ్రమలూ కావాలి. ఎల్లారెడ్డి వైపు పిల్లలకైతే మరీ కావాలి. కాబట్టి రేపోమాపో ఇంకో ముసాయిదా వస్తుంది, కామారెడ్డికో, మీ ఊరికో. అది వచ్చిందని తెలిసిన రోజే పాసుపుస్తకం పట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లండి. మీ సర్వే నంబరు మీద ఏ రంగుందో చూపించమనండి, ఆ రంగుకు అర్థమేమిటో తెలుగులో చెప్పమనండి. అభ్యంతరం కాగితం మీద రాసి ఇవ్వండి. తేదీ, ముద్ర ఉన్న రసీదు చేతికొచ్చేదాకా అక్కణ్నుంచి కదలకండి. చదువు రాని పక్క పొలం మనిషిని కూడా వెంట తీసుకెళ్లండి.