తప్పెవరిది? మోటారు ప్రమాదపరిహార చట్టము నడచిన దారి

1952 ఫిబ్రవరిలో ఉదయపురమున ఒక ప్రభుత్వపు జీపు మరమ్మతు ముగించుకొని కలెక్టరు బంగళాకు మరలి వచ్చుచుండెను. బాట ప్రక్కన నడచిపోవుచున్న యొక వ్యక్తిని అది ఢీకొనెను. మూడు దినములకు అతడు ఆసుపత్రిలో కన్నుమూసెను. డ్రైవరు తాత్కాలికోద్యోగి, జీపు సర్కారుది. మృతుని కుటుంబము పరిహారము కోరగా, ప్రభుత్వము తనకు బాధ్యత లేదని వాదించెను. ఆ వాదము చెల్లదనియు, సామాన్యుడైన యజమానివలెనే ప్రభుత్వమును బాధ్యత వహింపవలెననియు సుప్రీంకోర్టు 1962లో తీర్పు చెప్పెను. న్యాయము దక్కినది, కాని నడుమ పది సంవత్సరములు గడచిపోయెను. ఇంటి పెద్దను కోల్పోయిన వారు అన్నేండ్లు ఏమి తిని బ్రతుకవలెను? మన దేశపు మోటారు ప్రమాదచట్టముల చరిత్ర యంతయు ఈ ప్రశ్నకు వెదకిన సమాధానమే.

ఆ చరిత్రకు మూలము 1855 నాటి ప్రాణాంతక ప్రమాదముల చట్టము. మృతుని భార్య, భర్త, తలిదండ్రులు, బిడ్డలు పరిహారమునకు దావా వేయుటకు అది వీలు కల్పించెను. అయితే మరణము ఇతరుల దుష్కృత్యము వలననో, అశ్రద్ధ వలననో, కర్తవ్యలోపము వలననో సంభవించినదని వాదియే రుజువు చేయవలెను. నాటి దేశమున మోటారు లేదు. తరువాత మోటారు వచ్చినది, కాని రుజువు భారము మాత్రము మారలేదు. చూచినవాడు సాక్ష్యమునకు రాడు; గుద్దినవాడు నిజము చెప్పడు; చనిపోయినవాడు చెప్పలేడు.

1939 నాటి మోటారు వాహనముల చట్టము మరియొక మెట్టు. దారిన పోవువారికి కలుగు హానికై వాహన యజమాని తప్పక బీమా చేయింపవలెనని అది విధించెను. ఈ నిబంధన 1946 జులై 1 నుండి అమలులోనికి వచ్చెను. యజమాని నిరుపేదయైనను పరిహారమిచ్చుటకు వెనుక నొక కంపెనీ నిలిచినది. 1956 సవరణము సివిలు కోర్టులకు బదులుగా ప్రత్యేక క్లెయిముల ట్రిబ్యునళ్ళకు దారి తీసెను. దరఖాస్తునకు మొదట 60 దినములు గడువుండగా, 1969 సవరణము దానిని 6 నెలలు చేసెను. బీమా వచ్చినది, ట్రిబ్యునలు వచ్చినది, ‘తప్పెవరిది?’ యను ప్రశ్న మాత్రము వాకిట కావలి యుండెను. డ్రైవరు అశ్రద్ధ రుజువు కానిదే పరిహారము లేదని 1977లో సుప్రీంకోర్టు స్పష్టము చేసెను.

తప్పుతో నిమిత్తము లేని పరిహారము మన దేశమునకు క్రొత్తది కాదు. యజమాని అశ్రద్ధను చూపనక్కరలేకయే, పనిలో గాయపడిన కార్మికునకు పరిహారమిచ్చు చట్టము 1923లోనే వచ్చెను. అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రము 1971లో మోటారు బీమాకు ఈ సూత్రమును వర్తింపజేసెను. న్యూజిలాండు 1974 ఏప్రిల్ 1 నుండి అన్ని విధములైన ప్రమాదములకును దానిని విస్తరించెను. కర్మాగారమున చెల్లిన న్యాయము రహదారిపై ఏల చెల్లరాదు? బస్సు ప్రమాదమున దిక్కు కోల్పోయిన నిరుపేదలు కోర్టు రుసుము లేకుండ పరిహారము కోరగా, ఒక రాష్ట్ర ప్రభుత్వము దానిని ప్రతిఘటించి సుప్రీంకోర్టు వరకు పోయెను. 1979లో ఆ వ్యాజ్యమును విచారించిన న్యాయమూర్తి వి. ఆర్. కృష్ణయ్యరు ప్రభుత్వ వైఖరిని గర్హించి, తప్పుతో నిమిత్తము లేని బాధ్యత ఆవశ్యకమని ఉద్ఘాటించెను.

ఆ ఆవేదన తుదకు పార్లమెంటునకు చేరెను. 1982 అక్టోబరు 1 నుండి అమలైన సవరణము ప్రకారము మరణమునకు 15,000 రూపాయలు, శాశ్వత వైకల్యమునకు 7,500 రూపాయలు తప్పు రుజువు చేయనక్కరలేకయే ఈయవలసి వచ్చెను. మృతుని తప్పే యున్నను ఆ మొత్తము తగ్గదు. గుద్ది పారిపోయిన వాహనముల బాధితులకును స్వల్పముగా నొక నిధి ఏర్పడెను. 1988 నాటి క్రొత్త చట్టము ఈ మొత్తములను 25,000, 12,000 రూపాయలకును, 1994 సవరణము 50,000, 25,000 రూపాయలకును పెంచెను. వయస్సు, ఆదాయములను బట్టి తప్పుతో పనిలేకుండ పరిహారము లెక్కకట్టు పట్టికయు 1994లోనే వచ్చెను.

2019 సవరణము ఈ భాగమును తిరిగి వ్రాసినది. 2022 ఏప్రిల్ 1 నుండి అమలైన విధానములో తప్పు చూపనక్కరలేని మొత్తము మరణమునకు 5 లక్షలు, తీవ్రగాయమునకు రెండున్నర లక్షల రూపాయలు. గుద్ది పారిపోయిన వాహనము విషయమున మరణమునకు 2 లక్షలు, తీవ్రగాయమునకు 50,000 రూపాయలు. అయితే ఇచట నొక మెలిక కలదు. పూర్వము తప్పుతో నిమిత్తము లేని సొమ్ము బయానా వంటిది. దానిని పుచ్చుకొని తక్కిన దానికై ట్రిబ్యునలులో పోరాడవచ్చును. నూతన విధానములో ఆ 5 లక్షలను అంగీకరించినచో ట్రిబ్యునలులోని దరఖాస్తు రద్దగును. సంపాదించు యువకుని కోల్పోయిన కుటుంబమునకు, అశ్రద్ధ రుజువైన పక్షమున, అంతకు మించిన పరిహారము రావచ్చును. తొందరగా వచ్చు కొంచెమా, ఆలస్యముగా వచ్చు ఎక్కువయా యనునది దుఃఖములోనున్న వారు నిర్ణయింపవలసి యున్నది. ఈ రక్షణ ప్రాణమునకు, దేహమునకు మాత్రమే. ఇతరుల తప్పు రుజువు కానిచో, స్వంత వాహనమునకు కలిగిన నష్టమునకు యజమాని చేయించుకొన్న బీమాయే శరణ్యము.

దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడని సామెత. చట్టము పరిహారమిచ్చినను, పోలీసు నివేదిక, వైద్యుని ధ్రువపత్రము, బీమా అధికారి సంతకము ఒకదాని వెంట ఒకటి రానిదే అది బాధితుని చేతికి చేరదు. ఉదయపురపు కుటుంబము పదేండ్లు వేచియుండుటకు చట్టపు లోపము కారణమని సరిపెట్టుకొనవచ్చును. ఆ లోపము చాలవరకు తీరిన పిమ్మట కలుగు ఆలస్యమునకు మాత్రము బల్లపై కాగితము నుంచుకొన్నవారే జవాబు చెప్పవలెను.