ఉప్పు, కట్టెలు, మా నాన్న గీజరు

మొన్న ఆదివారం పాయకరావుపేట నుంచి నాన్న ఫోన్ చేశారు. "ఒరే, గీజరు మళ్ళీ పోయిందిరా. తునిలో షాపతను గాలిలోంచి వేడి లాగే మిషనేదో కొనమంటున్నాడు. కరెంటు మూడో వంతే కాలుతుందిట. గాలిలోంచి వేడేంట్రా, మోసమా?" అన్నారు.

"మోసం కాదు నాన్నా, మన ఏసీనే తిరగేసి పెట్టారంతే. హీట్ పంప్ అంటారు" అన్నాను.

"అయితే కొనెయ్యమంటావా?"

అక్కడ దొరికిపోయాను. ఆఫీసులో సర్వర్ల లెక్కలు రోజూ వేస్తాను కానీ, మా ఇంట్లో వేణ్ణీళ్ళ లెక్క ఎప్పుడూ వెయ్యలేదు. నా చిన్నప్పుడు పెరట్లో రాగి బాయిలరుండేది. తెల్లారకుండానే అమ్మ కొబ్బరి డొక్కలు, తాటి మట్టలు వేసి రాజేసేది. ఆ పొగకి కళ్ళు ఎర్రబడేవి. అందుకే ఈసారి ఏదో ఒకటి చెప్పేసి చేతులు దులుపుకోవాలనిపించలేదు. కూర్చుని చదివాను. తీరా చూస్తే కథ ఉప్పు దగ్గర మొదలైంది!

ముందు అసలు విషయం. గీజరు కరెంటుని వేడిగా మారుస్తుంది. హీట్ పంప్ వేడిని తయారు చెయ్యదు, బయట గాలిలో ఉన్నదాన్నే తోడిపోస్తుంది. నూతిలోంచి నీళ్ళు తోడే మోటారు నీళ్ళని పుట్టించదు కదా, అలాగన్నమాట. నుయ్యి ఎంత లోతుంటే మోటారుకి అంత పని. ఇక్కడ లోతంటే బయట గాలికీ, మనక్కావలసిన వేడికీ మధ్య తేడా. ఈ నూతి లోతు గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

వేడికీ పనికీ ఉన్న ఈ లంకెని 1824లో ఫ్రాన్సులో కార్నో తేల్చాడు. 1852లో విలియం థామ్సన్ (తర్వాత లార్డ్ కెల్విన్ అయ్యాడు) ఇలాంటి యంత్రంతో భవనాల్ని చల్లబరచవచ్చు, వేడి చెయ్యనూవచ్చు అని రాశాడు. అంటే ఏసీ, హీటరు రెండూ ఒకే ఆలోచనలోంచి వచ్చిన కవలలు. కానీ అప్పట్లో బ్రిటన్‌లో బొగ్గుకి కొదవ లేదు. ఇక ఆ యంత్రం ఎవరిక్కావాలి?

కావలసింది ఆస్ట్రియా వాళ్ళకి. ఎబెన్సే అనే ఊళ్ళో ఉప్పునీటిని మరగబెట్టి ఉప్పు తీసేవాళ్ళు. దానికి బోలెడన్ని కట్టెలు. పీటర్ రిట్టింగర్ అనే ఇంజనీరు 1856-57 ప్రాంతంలో ఒక ప్రయోగం చేశాడు. మరిగే నీటిలోంచి పైకి పోయే ఆవిరిని వృథాగా పోనివ్వకుండా పట్టి, నొక్కి, ఇంకా వేడెక్కించి, మళ్ళీ ఆ ఉప్పునీటినే వేడి చెయ్యడానికి వాడాడు. నొక్కే యంత్రాన్ని నడిపింది పారే నీటి శక్తి. ప్రపంచంలో మొదటి హీట్ పంప్ ఇదేనంటారు.

ఇది చదవగానే నాకు మన నౌపడ, చినగంజాం ఉప్పు మడులు గుర్తొచ్చాయి. అదే ఉప్పు. మనవాళ్ళు మళ్ళలోకి ఉప్పునీరు పెట్టి ఎండకి వదిలేశారు. కట్టెలూ లేవు, కంప్రెసరూ లేదు. మనవాళ్ళకి తెలివి లేక కాదండీ, అవసరం లేక. రిట్టింగర్‌కి లేని ఎండ మనకుంది!

ఆ తర్వాతి చరిత్రంతా కూడా ఇంతే. 1938లో జ్యూరిచ్ టౌన్‌హాలుకి లిమ్మత్ నది నీటిలోంచి వేడి తోడే పంపు పెట్టారు. స్విట్జర్లాండులో బొగ్గు లేదు, జలవిద్యుత్తుంది. 1973లో చమురు ధర పెరిగాక మళ్ళీ ఈ మిషన్ల మీద అందరి చూపూ పడింది. 2022లో రష్యా గ్యాసు తగ్గేసరికి యూరప్ అంతా మళ్ళీ వీటి వెంట పడింది. వేరే ఇంధనం చవగ్గా దొరికినన్నాళ్ళూ ఎవరికీ గుర్తురాదు పాపం.

సరే, ఇప్పుడు మా ఇంటి లెక్క. 100 లీటర్ల నీళ్ళు 25 డిగ్రీల నుంచి 50కి తేవాలంటే గీజరుకి సుమారు 2.9 యూనిట్లు కావాలి. మా ఊరి గాలి వెచ్చన, నుయ్యి లోతు తక్కువ. కాబట్టి హీట్ పంప్‌కి ఒక యూనిట్ చాలు. షాపతను అబద్ధం చెప్పలేదు. కానీ మా ఊళ్ళో వేణ్ణీళ్ళు నిజంగా కావలసింది చలికాలం నాలుగు నెలలే. ఉన్నది ఇద్దరు. యూనిట్ 6 రూపాయలనుకుంటే ఏడాదికి మిగిలేది 1,400 లోపే. మిషను ధరేమో గీజరుకి చాలా రెట్లు. పైగా పెంటకోట సముద్రం దగ్గరే, ఉప్పుగాలికి బయటుండే కాయిల్ తుప్పు పట్టకుండా చూసుకోవాలి. పాడైతే బాగుచేసేవాళ్ళు తునిలో ఉన్నారా? అదీ కనుక్కోవాలి.

అదే ఏడాది పొడుగునా రోజుకి వందల లీటర్లు కావలసిన హాస్టలుకో, ఆస్పత్రికో అయితే కళ్ళు మూసుకుని కొనమంటాను. డాబా మీద చోటు లేని అపార్టుమెంటులో పెద్ద కుటుంబమైనా ఆలోచించవచ్చు. మినెసోటాలో ఉన్న మనవాళ్ళ సంగతి వేరు. అక్కడ చలికాలం గాలి సున్నాకి ఇరవై డిగ్రీలు కిందకి పోతుంది, నుయ్యి బాగా లోతు. నీళ్ళే కాదు, ఇల్లంతా నెలల తరబడి వేడి చెయ్యాలి. అక్కడ కంపెనీవాడు బ్రోషర్లో చూపించే అంకె కాదు, ఆ చలిలో మిషను ఎంత వేడి ఇస్తుందో అడగాలి, చాలని రోజుకి వేరే ఏర్పాటేమిటో చూసుకోవాలి.

రాత్రి నాన్నకి ఫోన్ చేసి చెప్పాను, "డాబా మీద సోలార్ హీటరు పెట్టిద్దాం నాన్నా, మబ్బు రోజులకి చిన్న గీజరు ఉంచుదాం" అని.

"దీనికా వారం రోజులు చదివావు?" అన్నారు. వెనకనుంచి అమ్మ, "పొగ రాదు కదా?" అని అడిగింది.

రాదమ్మా.