మాంగనీసు: ఉత్తరాంధ్ర గనుల నుంచి ప్రయోగశాల దాకా

కాలేజీ ప్రయోగశాల బీరువాలో పక్కపక్కనే కనిపించే రెండు సీసాలు మాంగనీసువే. ఒకదానిలో మసిలాంటి నల్లటి పొడి, మాంగనీసు డయాక్సైడ్. రెండోదానిలో ముదురు ఊదా రంగు స్ఫటికాలు, పొటాషియం పర్మాంగనేట్. రెండింటికీ మూలం ఒకే ఖనిజం. భారతదేశంలో ఆ ఖనిజం తవ్వకం మొదలైంది నేటి విజయనగరం జిల్లాలోనే. 1892లో విజయనగరం మైనింగ్ కంపెనీ కోడూరు దగ్గర గని తెరిచింది. తర్వాత గరివిడి, గర్భాం, చీపురుపల్లి పరిసరాల్లో మరెన్నో గనులు వచ్చాయి.

పాత నివేదికలు తిరగేసేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. గనులు తెరిచేనాటికి ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడ్డాక చీపురుపల్లి తాలూకా అందులో చేరింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా పుట్టాక అక్కడికి మారింది. అందుకే ఒకే గని మూడు జిల్లాల పేర్ల కింద నమోదై ఉంటుంది.

తూర్పు కనుమల ఖోండలైట్ శిలల నడుమ ఉన్న ఈ నిక్షేపాలను శాస్త్రీయంగా పరిశీలించినవాడు భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన లూయిస్ లీ ఫెర్మర్. దేశంలోని మాంగనీసు నిక్షేపాలపై ఆయన రాసిన ఉద్గ్రంథం 1909లో వెలువడింది. పొటాష్ ఫెల్డ్‌స్పార్, మాంగనీసు కలిసిన గార్నెట్, అపటైట్ ఉన్న ఇక్కడి శిలకు ఆయన పెట్టిన పేరు ‘కోడురైట్’. కోడూరు పేరు ప్రపంచ భూవిజ్ఞాన పరిభాషలో అలా చేరింది. ఆ శిలలోని అపటైట్ భాస్వరం ఉన్న ఖనిజం. ఇక్కడి ముడిఖనిజంలో భాస్వరం ఎక్కువని ఉక్కు తయారీదారులు మొదటినుంచీ అంటూ వచ్చారు. మేలురకం ఖనిజంతో కలిపి వాడుకోవలసి వచ్చేది.

ఈ రాయిని తవ్వుకుపోవడానికి కారణం ఉక్కు. కరిగిన ఉక్కులోని ఆక్సిజన్‌ను, గంధకం చేసే చెరుపును మాంగనీసు అదుపు చేస్తుంది. బెస్సిమర్ పద్ధతిలో పెళుసుగా వస్తున్న ఉక్కును 1856లో రాబర్ట్ మషెట్ మాంగనీసు కలిపే బాగుచేశాడు. 1882లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ మాంగనీసు ఉక్కును కనిపెట్టాక గిరాకీ ఇంకా పెరిగింది. 1933లో ప్రారంభమైన విశాఖపట్నం ఓడరేవును కట్టడానికి ఒక ముఖ్య కారణం, మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని విజయనగరం మీదుగా సముద్రానికి చేర్చడమే. స్వాతంత్ర్యం వచ్చాక 1950లలో ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్ గరివిడి దగ్గర శ్రీరామ్‌నగర్‌లో ఫెర్రో మాంగనీసు కర్మాగారం పెట్టింది. అప్పటిదాకా రాయిగా ఎగుమతైన సరుకు ఇక్కడి కొలిమిలోనే కరగడం మొదలైంది. గర్భాం గని తర్వాతి కాలంలో విశాఖ ఉక్కు కర్మాగారం చేతికి వచ్చింది.

ఇంత చరిత్రలోనూ తవ్వినవారి ఊపిరి ప్రసక్తి చాలా తక్కువ. నిజానికి మాంగనీసు విషమని ప్రపంచానికి కోడూరు గని తెరవడానికి 55 ఏళ్ల ముందే తెలుసు. 1837లో గ్లాస్గో వైద్యుడు జాన్ కూపర్, బ్లీచింగ్ పొడి తయారీకి మాంగనీసు డయాక్సైడ్‌ను నూరే కార్మికులను చూశాడు. వాళ్ల కాళ్లలో సత్తువ తగ్గింది, నడిస్తే ఒళ్లు ముందుకు తూలేది, గొంతు గుసగుసగా మారింది, నోట్లోంచి లాలాజలం కారేది. కూపర్ రాసింది ఎవరూ అంతగా పట్టించుకోలేదు. 1955లో రోడియే అనే వైద్యుడు మొరాకో గనుల కార్మికుల్లో ఇవే లక్షణాలను వివరంగా నమోదు చేశాడు. బండకు డ్రిల్లు వేసేవారే ఎక్కువగా దెబ్బతిన్నారు. చిలీ గనుల్లో ఈ జబ్బు తొలిదశకు ‘మాంగనీసు పిచ్చి’ అనే పేరే ఉండేది. మనిషి కారణం లేకుండా నవ్వుతాడు, ఏడుస్తాడు, ఊరికే కోప్పడతాడు, నిద్ర పట్టదు. నెలలు గడిచేకొద్దీ ముఖంలో కదలిక పోతుంది, మాట ముద్దగా వస్తుంది, మడమలు ఆనకుండా మునివేళ్ల మీద నడుస్తాడు. ఆ చిలీ కార్మికులను పరీక్షించిన జార్జి కోట్జియాస్‌కు మాంగనీసు మీద ఉన్న ఆసక్తే పార్కిన్సన్ జబ్బు వైపు దారి చూపింది. ఆ జబ్బుకు లెవోడోపా మందును పెద్ద మోతాదులో ఇచ్చి ఫలితం సాధించినవాడు ఆయనే, 1967లో. మాంగనీసు వల్ల వచ్చిన జబ్బుకు మాత్రం ఆ మందు అంతగా పనిచేయదు.

విషమయ్యేది మాంగనీసు ఉనికి కాదు, అది ఒంట్లోకి వచ్చే దారి. మనిషికి రోజుకు సుమారు 2 మిల్లీగ్రాముల మాంగనీసు కావాలి. అన్నం, పప్పులు, టీ నుంచి అది అందుతుంది. తిన్నదాంట్లో కొద్ది శాతమే రక్తంలో కలుస్తుంది, ఎక్కువైనదాన్ని కాలేయం పైత్యరసంతో బయటికి పంపేస్తుంది. ముక్కుతో పీల్చిన సన్నటి దుమ్ముకు ఈ కాపలా లేదు. అది ఊపిరితిత్తుల నుంచి నేరుగా రక్తంలోకి, అక్కడినుంచి మెదడు లోపలి భాగాల్లోకి చేరి, కదలికలను నియంత్రించే కణాలను దెబ్బతీస్తుంది. కొలిమి పొగ, వెల్డింగు పొగ కూడా ఇలాగే లోపలికి పోతాయి.

చట్టానికి ఈ జబ్బు తెలియనిది కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో, తప్పనిసరిగా అధికారులకు తెలపాల్సిన వ్యాధుల జాబితాలో మాంగనీసు విషాన్ని చేర్చారు. గనుల చట్టం కింద 1952లోనే నరాలకు సంబంధించిన మాంగనీసు విషాన్ని నోటిఫై చేశారు. గాలిలో మోతాదుకు హద్దులూ ఉన్నాయి. అయితే లోకం ఆ హద్దులను కిందికి దించుతూ వచ్చింది. అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం 2013లో, ఊపిరితిత్తుల లోతుకు పోయే దుమ్ములో మాంగనీసు ఘనపు మీటరు గాలికి 0.02 మిల్లీగ్రాములు దాటకూడదని సూచించింది. లక్షణాలు బయటపడేసరికి చాలాసార్లు కార్మికుడు గని మానేసి ఏళ్లయిపోతుంది. వణుకు, నడకలో తేడా అని ఆసుపత్రికి వచ్చిన ముసలాయనను ‘ఏం పని చేసేవారు తాతా?’ అని అడగకపోతే అసలు కారణం ఎన్నటికీ తేలదు. గరివిడి, చీపురుపల్లి వైపు పనిచేసే ప్రతి వైద్యుడూ ఆ ప్రశ్న అడగాలి.

గనిలో జాగ్రత్త అంటే ముందు నీళ్లు. డ్రిల్లుకు నీరు పట్టించి తడి మీద తొలవడం, పగలగొట్టే చోట, లారీలు తిరిగే బాటల మీద నీళ్లు చల్లడం, సన్నటి దుమ్మును ఆపే మాస్కు పెట్టుకోవడం. ముఖానికి కట్టుకున్న తువ్వాలు ఆ దుమ్మును ఆపలేదు. పని బట్టలను ఇంటికి తీసుకెళ్లి దులిపితే ఆ దుమ్ము పిల్లల ముక్కుల్లోకి పోతుంది.

ప్రయోగశాలలో ప్రమాదం వేరు, ఇక్కడ అది క్షణాల్లో జరిగిపోతుంది. పొటాషియం క్లోరేట్‌తో మాంగనీసు డయాక్సైడ్ కలిపి వేడిచేసి ఆక్సిజన్ తయారుచేయడం పాత పాఠ్య ప్రయోగం. బొగ్గుపొడి కూడా నల్లగానే ఉంటుంది. పొరపాటున ఆ సీసా అందుకుంటే, లేదా పొడిలో బొగ్గు కలిసి ఉంటే, పరీక్షనాళిక పేలిపోతుంది. చీటీ సరిగా లేని నల్లపొడిని ఈ ప్రయోగానికి వాడనే కూడదు. ఇదే పొడిని గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో వేడిచేస్తే క్లోరిన్ వస్తుంది. 1774లో షీలే ఆ వాయువును మొదటిసారి తయారుచేసింది ఇలాగే. పొగను బయటికి లాగే పెట్టె లేనిచోట ఆ ప్రయోగం చేయవద్దు. బల్ల మీద ఒలికిన పొడిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి.

పర్మాంగనేట్ మరీ తొందరపాటు మనిషి లాంటిది, దగ్గరికొచ్చిన ప్రతిదానికీ ఆక్సిజన్ అంటగడుతుంది. గ్లిజరిన్ చుక్కలు పడితే కాసేపటికి దానంతటదే మండుతుంది. గాఢ గంధకామ్లంతో కలిస్తే పేలే గుణమున్న మాంగనీసు హెప్టాక్సైడ్ ఏర్పడుతుంది. అందుకే ఆల్కహాలు, గ్లిజరిన్, గంధకం, బొగ్గు ఉన్న అరలో ఆ సీసా పెట్టకూడదు. ఆక్జాలిక్ ఆమ్లంతోనో మోర్ లవణంతోనో చేసే టైట్రేషన్‌లో పిపెట్‌ను నోటితో పీల్చే అలవాటు మన కాలేజీల్లో ఇంకా పోలేదు. రబ్బరు బల్బు వాడాలి. కంట్లో పడితే వెంటనే కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మింగితే నోరు, గొంతు కాలి వాచి ఊపిరాడకపోవచ్చు. అలాంటప్పుడు వాంతి చేయించే ప్రయత్నం చేయకూడదు.

ఈ స్ఫటికాలు ఇళ్లలోకీ వచ్చాయి. 1890లలో ఆగ్రాలో రసాయన పరీక్షకుడిగా పనిచేసిన ఎర్నెస్ట్ హాంకిన్, కలరా వ్యాపించినప్పుడు బావుల్లో పర్మాంగనేట్ వేయించే పద్ధతిని ప్రచారం చేశాడు. పుళ్లు కడగడానికి ఇప్పటికీ దీన్ని వాడుతున్నారు. స్ఫటికం ఒక్కటీ మిగలకుండా కరిగి, నీరు లేత గులాబీ రంగులో ఉంటేనే చర్మానికి తాకించాలి. కరగని పలుకు చర్మాన్ని కాల్చేస్తుంది.

తాగునీటిలో మాంగనీసు లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీటి వనరు లేనప్పుడు 0.3 దాకా అనుమతించవచ్చని భారత ప్రమాణం చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 0.08 అన్న తాత్కాలిక హద్దును సూచించింది. నీరు పట్టిన బిందె లోపల నల్లటి పొర కట్టినా, ఉతికిన తెల్లబట్టల మీద గోధుమ నలుపు మచ్చలు పడినా మాంగనీసును అనుమానించి నీటిని పరీక్ష చేయించాలి. కాచినంత మాత్రాన అది పోదు. శుద్ధి కేంద్రాల్లో లెక్కగట్టి పర్మాంగనేట్ కలిపి, కరిగి ఉన్న మాంగనీసును కరగని డయాక్సైడ్‌గా మార్చి, ఇసుక గుండా వడగట్టి తీసేస్తారు.