ఊడిన పన్నుకు అరగంట గడువు

దెబ్బ తగిలి ఊడిపోయిన పన్నును తిరిగి దాని గూట్లోనే నిలబెట్టడం దంతవైద్యంలో చాలా పాత ప్రయత్నం. కనీసం వెయ్యేళ్లుగా వైద్యులు ఈ పని చేస్తూనే ఉన్నారు. అలా పెట్టిన పళ్లలో కొన్ని ఏళ్ల తరబడి నిలుస్తుంటే, మిగతావి కొద్ది కాలానికే మళ్లీ ఎందుకు ఊడిపోతున్నాయన్నది మాత్రం 20వ శతాబ్దం రెండో సగం దాకా తేలలేదు. ఆ సంగతి తేలాక చికిత్సలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం ఆసుపత్రి నుంచి ప్రమాదం జరిగిన చోటికి మారింది. వైద్యుడి నేర్పు కంటే ముందు, ఆ క్షణంలో పక్కనున్న తల్లి, టీచరు, తోటి ఆటగాడు ఏం చేశారన్నదే పన్ను భవితవ్యాన్ని నిర్ణయించసాగింది.

పాత గ్రంథాల్లో

సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో విరిగిన ఎముకల చికిత్సకు ఒక అధ్యాయం ఉంది. దవడ దెబ్బల సందర్భంలో అక్కడ కదిలిన పళ్ల ప్రస్తావన వస్తుంది. పన్ను విరగకుండా కదిలి, నెత్తురు కారుతూ ఉంటే, గాయపడినవాడు వయసులో ఉన్నవాడైతే, దాన్ని నొక్కి కూర్చోబెట్టాలని ఆ గ్రంథం చెబుతుంది. బయటివైపు చల్లని లేపనాలు పూయాలి. చన్నీళ్లతో తడిపి, గాయం అతుక్కోవడానికి పనికొచ్చే మందులు వాడాలి. నమిలే పని లేకుండా కలువ కాడతో పాలు తాగించాలి. ముసలివాళ్లలో కదిలిన పళ్లకు మాత్రం ఈ చికిత్స చేయవద్దంటుంది. పన్నును చోట్లో కూర్చోబెట్టడం, దాని మీద ఒత్తిడి పడకుండా చూడటం, వయసును లెక్కలోకి తీసుకోవడం నేటి చికిత్సలోనూ ఉన్నవే. అయితే అక్కడ చెప్పింది కదిలిన పన్ను గురించే కానీ పూర్తిగా ఊడి కింద పడిన పన్ను గురించి కాదు.

ఊడిన పన్ను సంగతి స్పెయిన్‌లోని కార్డోబాకు చెందిన అరబ్బు వైద్యుడు అల్ జహ్రావీ రచనలో కనిపిస్తుంది. 1000 సంవత్సరం ప్రాంతంలో ముగించిన 30 భాగాల ‘కితాబ్ అల్ తస్రీఫ్’లో ఆయన శస్త్రచికిత్సకు విడిగా ఒక భాగం కేటాయించాడు. కదిలే పళ్లను పక్క పళ్లతో కలిపి బంగారు తీగతో అల్లాలని, వెండి అయితే కొద్ది రోజులకే పచ్చబడి పాడవుతుందని అందులో రాశాడు. ఊడిన పన్నును కూడా తిరిగి గూట్లో పెట్టి అలాగే కట్టవచ్చన్నాడు. ఆ పన్ను దొరక్కపోతే ఎద్దు ఎముకను పన్ను ఆకారంలో చెక్కి వాడమన్నాడు. 12వ శతాబ్దంలో ఈ శస్త్రచికిత్స భాగం లాటిన్‌లోకి వెళ్లి, ఐరోపా వైద్యులకు కొన్ని శతాబ్దాల పాటు పాఠ్యగ్రంథమైంది.

16వ శతాబ్దపు ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పరే ఈ చికిత్సను మరో మలుపు తిప్పిన సంఘటనను నమోదు చేశాడు. ఒక రాజకుటుంబ స్త్రీ తన పన్ను తీయించుకుని, పరిచారిక పన్నును ఆ గూట్లో పెట్టించుకుందని తాను విన్నట్టు రాశాడు. సొంత పన్నును కాపాడే చికిత్స ఒకరి పన్నును మరొకరికి అమర్చే చికిత్సగా మారడానికి ఇదొక తొలి ఆనవాలు.

పళ్లు అమ్ముడైన కాలం

1728లో పారిస్‌లో దంతవైద్యుడు పియర్ ఫొషార్ ‘ల షిరుర్జియెన్ దాంతిస్త్’ పేరుతో రెండు సంపుటాల గ్రంథం ప్రచురించాడు. సంతల్లో పళ్లు పీకేవాళ్ల చేతుల్లో ఉన్న పనిని ఒక వైద్యవృత్తిగా నిలబెట్టిన పుస్తకమది. ఊడిన పన్నును తిరిగి పెట్టడం, దారంతో పక్క పళ్లకు కట్టడం గురించి అందులో తన అనుభవాలు రాశాడు.

ఆ శతాబ్దం చివరి సగంలో ఈ చికిత్సకు అందరికన్నా ఎక్కువ ప్రచారం తెచ్చినవాడు లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్. పళ్ల నిర్మాణం మీద 1771లో, పళ్ల జబ్బుల మీద 1778లో ఆయన గ్రంథాలు వచ్చాయి. ఒక మనిషి పన్నును కోడిపుంజు జుట్టులో నాటి, అది అక్కడ అతుక్కుందని చూపించాడు. ఆ నమూనా లండన్‌లోని హంటేరియన్ మ్యూజియంలో భద్రంగా ఉంది. పన్నుకూ కొత్త చోటుకూ మధ్య ప్రాణసంబంధం ఏర్పడుతుందన్నది ఆయన నమ్మకం. అదే హంటర్, పుచ్చి నొప్పి పెడుతున్న పన్నును పీకి, ఉడకబెట్టి, తిరిగి పెట్టవచ్చని కూడా సలహా ఇచ్చాడు. ఉడికిన పన్నులో ప్రాణం ఉండదు కాబట్టి నొప్పి కూడా ఉండదని ఆయన లెక్క. బతికిన పన్నే అతుక్కుంటుందన్న ఊహా, చంపిన పన్ను కూడా నిలుస్తుందన్న ఊహా ఒకే వైద్యుడి దగ్గర పక్కపక్కనే ఉండటం ఆ కాలపు అవగాహన ఎక్కడుందో చెబుతుంది.

హంటర్ పేరు అండగా దొరకడంతో పళ్ల మార్పిడి లండన్ సంపన్నుల్లో ఫ్యాషన్ అయింది. పేద పిల్లలు డబ్బు కోసం ముందు పళ్లు పీకించుకునేవారు. అవి వేడిగా ఉండగానే పక్క కుర్చీలో కూర్చున్న ధనికుల నోట్లోకి చేరేవి. 1787లో థామస్ రోలాండ్‌సన్ ఈ తంతు మీద వేసిన వ్యంగ్య చిత్రం బాగా ప్రసిద్ధి పొందింది. ఇలా అమర్చిన పళ్లు ఎక్కువ కాలం నిలవలేదు. పైగా పళ్లతో పాటు సిఫిలిస్ వంటి జబ్బులు అంటుకుంటున్నాయన్న భయం పెరిగింది. 18వ శతాబ్దం ముగిసేసరికి ఈ వ్యాపారం చాలావరకు సద్దుమణిగింది. ఆ అపకీర్తి సొంత పన్నును తిరిగి పెట్టే చికిత్స మీద కూడా పడింది.

వేరు మీది పొర

పన్ను వేరుకూ దవడ ఎముకకూ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల మందం ఉండే పీచు పొర ఒకటి ఉంటుంది. పన్ను గూట్లో వేలాడుతూ నిలబడేది దీని పీచుల మీదే. పన్ను ఊడినప్పుడు ఈ పొర మధ్యకు చినుగుతుంది. సగం గూడు గోడకు, సగం వేరుకు అంటుకుని ఉంటుంది. వేరు మీద మిగిలిన ఆ సగంలో కణాలు బతికి ఉంటే రెండు అంచులూ తిరిగి అతుక్కుంటాయి. అవి చచ్చిపోతే శరీరం ఆ వేరును ఎముకలో భాగంగా లెక్కగట్టి, కొద్దికొద్దిగా కరిగించి, ఆ స్థానంలో ఎముకను నింపేస్తుంది. క్రిములు చేరితే వేరు మరింత వేగంగా కరుగుతుంది.

19వ శతాబ్దపు వైద్యులకు ఈ సంగతి తెలియదు. అప్పుడప్పుడే క్రిముల సిద్ధాంతం వేళ్లూనుకుంటోంది. ఊడిన పన్నును శుభ్రం చేయడమంటే వేరును గీకి, మందునీళ్లలో నానబెట్టడమే అయింది. నిలబెట్టాల్సిన పొరనే మురికి అనుకుని తుడిచేసేవారు. వియన్నాలో దంతవైద్యుడు జూలియస్ షెఫ్ 1890 ప్రాంతంలో ఆ పొరకూ, తిరిగి పెట్టిన పళ్ల వేరు కరిగిపోవడానికీ ఉన్న సంబంధాన్ని పరిశీలించాడు. 1955లో హామర్ అనే పరిశోధకుడు ఆ పొర చెక్కుచెదరకుండా ఉన్న పళ్లే ఎక్కువ కాలం నిలుస్తాయని స్పష్టం చేశాడు. 1961లో ‘లో’, ‘వేర్‌హోగ్’ అనే ఇద్దరు పరిశోధకులు కుక్కలు, కోతుల మీద జరిపిన ప్రయోగాల్లో, పొర బతికి ఉండగా వెంటనే పెట్టిన పళ్లు మామూలుగా అతుక్కున్నాయి. పొర ఎండిపోయినవి ఎముకకు కరుచుకుపోయాయి.

కోపెన్‌హేగన్ లెక్కలు

ఈ జ్ఞానానికి మనుషుల్లో రుజువు డెన్మార్క్ నుంచి వచ్చింది. 1966లో జెన్స్ ఆండ్రియాసెన్, హ్యోర్టింగ్ హాన్సెన్ అనే పరిశోధకులు కోపెన్‌హేగన్‌లో ప్రమాదాల్లో ఊడి, తిరిగి పెట్టిన 110 పళ్లను పరిశీలించి ఫలితాలు ప్రచురించారు. అరగంట లోపు గూట్లోకి చేరిన పళ్లలో 90 శాతానికి వేరు కరిగిన జాడ లేదు. రెండు గంటలు దాటాక పెట్టినవాటిలో 95 శాతానికి వేరు కరగడం కనిపించింది. ఎలా కట్టారన్నది కాదు, ఎంతసేపు బయట ఉందన్నదే పన్ను తలరాతను నిర్ణయిస్తోందని ఆ అంకెలు చూపాయి. ఆండ్రియాసెన్ 1972లో పళ్ల గాయాల మీద పాఠ్యగ్రంథం రాశాడు. 1995లో 400 పళ్ల మీద చేసిన పెద్ద అధ్యయనాన్ని సహచరులతో కలిసి వెలువరించాడు. దంత ప్రమాదాల చికిత్స ఒక ప్రత్యేక వైద్యశాఖగా నిలబడటంలో ఆయన పాత్ర పెద్దది.

దీనితో కట్టే పద్ధతి కూడా మారింది. పన్నును వారాల తరబడి గట్టి తీగలతో బిగించి ఉంచడం వల్ల అది ఎముకకు అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుందని తేలింది. కొంచెం కదలిక ఉండనిచ్చే సన్నని స్ప్లింట్‌ను సుమారు రెండు వారాలు ఉంచితే చాలన్న అభిప్రాయం స్థిరపడింది.

పాలలో పన్ను

అరగంట లోపు పన్నును గూట్లో పెట్టడం అందరికీ కుదరదు. అప్పటిదాకా దాన్ని దేనిలో ఉంచాలన్నది తర్వాతి ప్రశ్న. మంచినీళ్లు శుభ్రమైనవే అయినా, వాటిలో లవణాలు తక్కువ కాబట్టి పొరలోని కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బి పగిలిపోతాయి. స్వీడన్ పరిశోధకుడు లార్స్ బ్లోమ్‌లోఫ్ 1981 ప్రాంతంలో పాలు, లాలాజలం రెండింటినీ పరీక్షించి, పాలు ఎంతో మెరుగని చూపాడు. పాలలోని లవణాల సాంద్రత, ఆమ్లగుణం కణాలకు సరిపడేంతలో ఉంటాయి. కాచి చల్లార్చడం వల్ల, పాశ్చరైజ్ చేయడం వల్ల క్రిములు కూడా తక్కువ. అన్నిటినీ మించి, పాలు దొరకని ఇల్లుండదు. ప్రయోగశాలల్లో కణాలను పెంచడానికి 1940లలో జాన్ హాంక్స్ తయారు చేసిన ఉప్పునీటి ద్రావణం కూడా ఇందుకు బాగా పనికొస్తుందని తేలింది. కొన్ని దేశాల్లో దాన్ని చిన్న డబ్బాల్లో నింపి బళ్లకూ, ఆటస్థలాలకూ అమ్మారు.

భారతదేశంలోనూ ఈ అన్వేషణ సాగింది. 2008లో చెన్నై పరిశోధకులు కొబ్బరినీళ్లను పరీక్షించి, వాటిలో కణాలు బాగా బతికాయని ప్రచురించారు. కొబ్బరినీళ్లలో పులుపు గుణం ఎక్కువన్న అభ్యంతరం తర్వాతి అధ్యయనాల్లో వచ్చింది. అందువల్ల పాలకే మొదటి స్థానం దక్కింది.

నోటికి కవచం

పన్ను ఊడకుండా చూసే ప్రయత్నం బాక్సింగ్ రింగులో మొదలైంది. 1890లో లండన్ దంతవైద్యుడు వూల్ఫ్ క్రాస్ పోటీకి ముందు బాక్సర్ల పై పళ్ల మీద గట్టాపర్చా అనే చెట్టు పాల పదార్థాన్ని పట్టీలా అద్దేవాడు. దెబ్బలకు పెదవులు పళ్ల అంచులకు తగిలి చీలకుండా ఉండటమే దాని ఉద్దేశం. తర్వాతి తరంలో టెడ్ ‘కిడ్’ లూయిస్ వంటి బాక్సర్లు తీసి పెట్టుకునే రబ్బరు మౌత్‌గార్డ్ వాడితే, అది అన్యాయపు సాయమని ప్రత్యర్థులు గొడవ చేశారు. 1927లో జాక్ షార్కీతో పోటీలో మైక్ మక్‌టీగ్ పెదవిని విరిగిన పన్ను అంచు లోతుగా కోయడంతో పోటీని మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. ఆ తర్వాత మౌత్‌గార్డ్ మీద అభ్యంతరాలు తగ్గి, త్వరలోనే అది బాక్సర్ల సామగ్రిలో భాగమైంది.

మిగతా ఆటలకు అది ఆలస్యంగా చేరింది. 1947లో లాస్ ఏంజలిస్ దంతవైద్యుడు రాడ్నీ లిలిక్విస్ట్ పళ్ల అచ్చు తీసి, పారదర్శకమైన ఆక్రిలిక్‌తో సన్నని మౌత్‌గార్డ్ చేశాడు. 1962లో అమెరికా హైస్కూలు ఫుట్‌బాల్‌లో దాన్ని తప్పనిసరి చేశారు. కాలేజీ ఆటగాళ్లకు ఆ నియమం 1970లలో వచ్చింది. పళ్ల అచ్చుకు సరిపోయేలా మెత్తని ప్లాస్టిక్ రేకుతో చేసేవి ఇప్పుడు వాడుకలో ఉన్నాయి. దెబ్బ బలాన్ని ఒక పన్ను మీద పడనివ్వకుండా పలు పళ్లకు పంచడం, కింది దవడ పై దవడను కొట్టకుండా ఆపడం వీటి పని.

నేటి పద్ధతి

1989లో ఏర్పడిన అంతర్జాతీయ దంత ప్రమాదాల వైద్యుల సంఘం మార్గదర్శకాలను రూపొందించి, ఎప్పటికప్పుడు సవరిస్తోంది. తాజా సవరణ 2020లో వెలువడింది. వాటి ప్రకారం, ఊడింది శాశ్వత పన్నయితే నోట్లో కనిపించే భాగాన్ని మాత్రమే పట్టుకోవాలి. వేరును ముట్టుకోకూడదు, గీకకూడదు. మట్టి అంటి ఉంటే పాలతోగానీ సెలైన్‌తోగానీ తేలిగ్గా కడిగి, అక్కడికక్కడే గూట్లో పెట్టి, చేతిరుమాలు కొరికి పట్టుకోమనాలి. అది వీలుకాకపోతే పాలలో వేసి వెంటనే దంతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. పాలు లేకపోతే లాలాజలం, సెలైన్ తర్వాతి దారులు. నీళ్లలో ఉంచడం మంచిది కాదు గానీ, పొడిగా వదిలేయడం కన్నా నయం.

పాలపళ్లకు ఈ చికిత్స చేయరు. తిరిగి పెట్టిన పాలపన్ను వేరు, కింద పెరుగుతున్న శాశ్వత పన్ను మొలకను దెబ్బతీయవచ్చు. పాలపన్ను ఊడితే ఇంటి కప్పు మీదకు విసిరే తెలుగిళ్ల అలవాటు వల్ల వైద్యపరంగా నష్టమేమీ లేదు. ఏడెనిమిదేళ్ల పిల్లలకు వచ్చిన కొత్త ముందు పళ్ల విషయంలోనే పెద్దలు జాగ్రత్త పడాలి. అవి పాలపళ్లని పొరబడి పారేస్తే మళ్లీ రావు.

గంటకు మించి పొడిగా ఉన్న పన్ను మీద పొర చాలావరకు చచ్చిపోతుంది. అయినా దాన్ని కూడా తిరిగి పెట్టడమే సాధారణంగా మంచిదని నేటి మార్గదర్శకాల మాట. అలాంటి పన్ను కాలక్రమంలో ఎముకకు అతుక్కుని కరిగిపోయినా, ఆ లోపు దవడ ఎముక ఎత్తు, వెడల్పులను కాపాడుతుంది. ఎదిగే పిల్లల్లో అతుక్కున్న పన్ను పక్క పళ్లతో సమానంగా కిందికి దిగదు. అందుకు 1984లో స్వీడన్ దంతవైద్యులు ఒక ఉపాయం కనిపెట్టారు. పన్ను పైభాగాన్ని మాత్రం తీసేసి, వేరును ఎముకలోనే వదిలేస్తారు. వేరు కరుగుతూ ఎముకగా మారుతుంది. ఎదుగుదల పూర్తయ్యాక ఆ ఎముకలోనే ఇంప్లాంట్ అమర్చడానికి వీలవుతుంది.