తెలుగు తెర మీదికి కౌబాయ్ వచ్చిన దారి

తెలుగు కౌబాయ్ సినిమా వయసు యాభై ఏళ్లు దాటింది. 1971 ఆగస్టు 27న విడుదలైన ‘మోసగాళ్లకు మోసగాడు’తో అది మొదలైంది. భారతదేశంలో తొలి కౌబాయ్ చిత్రంగా దానికే పేరు. ఆ సినిమా వెనక డెబ్భై ఏళ్ల వెస్టర్న్ చిత్రాల చరిత్ర ఉంది. దానితో పెనవేసుకున్న యుద్ధ చిత్రాల చరిత్రా ఉంది. ఫైట్లూ ఛేజింగులూ ఇష్టపడే ప్రేక్షకుడు చూసి తీరవలసిన పాత సినిమాలన్నీ ఈ రెండు దారుల మీదే దొరుకుతాయి.

రైలు దోపిడీతో మొదలు

వెస్టర్న్‌కు తొలి రూపం ఇచ్చినవాడు ఎడ్విన్ ఎస్. పోర్టర్. 1903లో ఆయన తీసిన ‘ది గ్రేట్ ట్రైన్ రాబరీ’ నిడివి పన్నెండు నిమిషాలే. దోపిడీ, గుర్రాల మీద తరుముడు, కాల్పులు అన్నీ అందులో ఉన్నాయి. ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు వెస్టర్న్‌లు కుప్పలుగా వచ్చినా, చాలావాటిని చవకబారు కాలక్షేపంగానే చూశారు. ఆ అభిప్రాయాన్ని మార్చిన సినిమా 1939లో జాన్ ఫోర్డ్ తీసిన ‘స్టేజ్‌కోచ్’. ఒక గుర్రపు బండిలో చిక్కుకున్న కొందరు ప్రయాణికుల గుణగణాలు ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు ఎలా బయటపడతాయో ఫోర్డ్ చూపించాడు. జాన్ వేన్‌ను పెద్ద తారను చేసిందీ, మాన్యుమెంట్ వ్యాలీ ఎర్రరాతి శిఖరాలను వెస్టర్న్‌కు చిరునామాగా మార్చిందీ ఆ సినిమాయే.

ఫోర్డ్ యుద్ధాన్ని స్వయంగా చూసినవాడు. 1942లో మిడ్‌వే దీవి మీద జపాన్ విమానాలు దాడి చేస్తున్నప్పుడు కెమెరాతో అక్కడే ఉండి గాయపడ్డాడు. మూడేళ్ల తర్వాత ‘దే వర్ ఎక్స్‌పెండబుల్’ అనే యుద్ధ చిత్రం తీశాడు. వెస్టర్న్ తీసిన చేతులే యుద్ధ చిత్రం కూడా తీయడం ఆయన తర్వాత మామూలైపోయింది.

ఒక రచయిత, నాలుగు సినిమాలు

ఈ రెండు రకాల సినిమాలకూ మధ్య ఉన్న చుట్టరికం కార్ల్ ఫోర్‌మన్ జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. ‘హై నూన్’ (1952) ఆయన రాసిన కథనం. మధ్యాహ్నం రైలుకు పగవాడు వస్తున్నాడు. పెళ్లయి గంటయినా గడవని మార్షల్ సాయం కోసం ఊరంతా తిరుగుతాడు. ఒక్కరూ ముందుకు రారు. కాల్పులు చివరి నిమిషాల్లోనే ఉంటాయి. అంతవరకూ ప్రేక్షకుణ్ణి కట్టిపడేసేది గోడ గడియారం. ఈ సినిమా తయారవుతున్న రోజుల్లోనే కమ్యూనిస్టు సంబంధాల ఆరోపణ మీద అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ఫోర్‌మన్‌ను విచారించింది. హాలీవుడ్ ఆయన్ను వెలివేసింది. ఆయన బ్రిటన్ వెళ్లిపోయాడు.

వెలిలో ఉండగానే ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’ (1957) రచనలో పాలుపంచుకున్నాడు. సింహళంలో చిత్రీకరించిన ఈ సినిమాకు ఏడు ఆస్కార్‌లు వచ్చినా తెర మీద ఆయన పేరు లేదు. రచనకు రావలసిన ఆస్కార్ ఆయన మరణించాక గానీ దక్కలేదు. తర్వాత ఆయన రాసి నిర్మించిన ‘ది గన్స్ ఆఫ్ నవరోన్’ (1961)లో, శత్రువు చేతిలో ఉన్న రెండు భారీ ఫిరంగులను పేల్చేయడానికి ఒక చిన్న బృందం కొండ ఎక్కుతుంది. దర్శకుడు జె. లీ థాంప్సన్, కథానాయకుడు గ్రెగరీ పెక్. ఎనిమిదేళ్ల తర్వాత ఇదే ముగ్గురూ కలిసి ‘మెకన్నాస్ గోల్డ్’ (1969) తీశారు. ‘హై నూన్’కూ ‘నవరోన్’కూ సంగీతం కూర్చిన దిమిత్రి తియోమ్‌కిన్ దీనికి సహ నిర్మాత. అమెరికాలో అంతంత మాత్రంగా ఆడిన ఈ బంగారు లోయ కథకు భారతదేశం బ్రహ్మరథం పట్టింది.

రెండో ఉదాహరణ జాన్ స్టర్జెస్. జపాన్ దర్శకుడు కురొసావా ‘సెవెన్ సమురాయ్’ (1954)ను ఆయన ‘ది మాగ్నిఫిసెంట్ సెవెన్’ (1960) అనే వెస్టర్న్‌గా మలిచాడు. అందులోని స్టీవ్ మెక్వీన్, చార్లెస్ బ్రాన్సన్, జేమ్స్ కోబర్న్‌లతోనే ‘ది గ్రేట్ ఎస్కేప్’ (1963) అనే యుద్ధ ఖైదీల కథ తీశాడు. కురొసావాదే మరో సినిమా ‘యోజింబో’ (1961) ఇటలీ చేరి సెర్జియో లియోనీ చేతిలో ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ (1964) అయింది. స్పెయిన్‌లోని అల్మేరియా ఎడారి, ఎన్నియో మోరికోనే సంగీతం, క్లింట్ ఈస్ట్‌వుడ్ మౌనం కలిసి వెస్టర్న్‌కు కొత్త ముఖం తెచ్చాయి. ఆ వరసలో మూడోది ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ (1966). నిధి వేట కథను అమెరికా అంతర్యుద్ధం నడుమ నిలిపి, వెస్టర్న్‌నూ యుద్ధ చిత్రాన్నీ ఒకే సినిమాలో కలిపింది.

పద్మాలయా సాహసం

అప్పట్లో జంట నగరాల్లో ఇంగ్లీషు సినిమా అంటే సికింద్రాబాద్ వెళ్లాల్సిందే. సంగీత్ థియేటర్ పేరు ఒక తరం ఇప్పటికీ తలుచుకుంటుంది. తెలుగు పరిశ్రమ ఉన్న మద్రాసులోనూ ఈ సినిమాలకు ఆదరణ గట్టిగానే ఉండేది. ‘గూఢచారి 116’ (1966)తో జేమ్స్‌బాండ్ తరహా కథను తెలుగుకు తెచ్చిన హీరో కృష్ణ, సొంత సంస్థ పద్మాలయా తొలి చిత్రం ‘అగ్నిపరీక్ష’ (1970) దెబ్బతిన్నా వెనక్కి తగ్గలేదు. రెండో చిత్రానికి ఎవరూ ముట్టని కౌబాయ్ కథను ఎంచుకున్నారు. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్, ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్. స్వామి. రాజస్థాన్ ఎడారి అరిజోనాకు బదులుగా నిలిచింది.

కథ, మాటలు రాసింది ఆరుద్ర. సమగ్రాంధ్ర సాహిత్యం రాసిన పండితుడు కౌబాయ్ కథను తెలుగువాళ్లు నమ్మేలా మలిచాడు. తెల్లదొరల కాలం, ఒక సంస్థానం, దాచిన నిధి అనే చట్రం కట్టడంతో తుపాకులకూ గుర్రాలకూ మన చరిత్రలోనే చోటు దొరికింది. నాగభూషణం వేసిన నక్కజిత్తుల నాగన్నలో ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’లో లియోనీ సృష్టించిన టూకో పోలికలున్నా, మాట తీరు మాత్రం అచ్చం తెలుగు. ఈ సినిమా ‘ట్రెజర్ హంట్’ పేరుతో ఇంగ్లీషులోకీ వెళ్లింది. మరుసటి ఏడాదే తమిళంలో కర్ణన్ ‘గంగా’ తీశాడు.

పాశ్చాత్య మూలాల నుంచి తెలుగు సినిమా తీసుకున్నది వేగాన్నీ నిధి వేటనూ. ‘హై నూన్’లోని ఒంటరితనాన్నీ, ఊరి పిరికితనం మీద సంధించిన ప్రశ్ననూ తీసుకోలేదు. ఆ మూలాలను వెతుక్కుని చూడటం అందుకే అవసరం.

తర్వాతి తరాలు

చిరంజీవి ‘కొదమ సింహం’ (1990), మహేశ్‌బాబు ‘టక్కరి దొంగ’ (2002) ఇదే బాట పట్టినా కౌబాయ్ కథ తెలుగులో స్థిరపడలేదు. పగలు, ఊరి మీద పెత్తనం, ఒంటరిగా ఎదురు నిలిచే వీరుడు వంటి సరుకంతా సీమ ఫ్యాక్షన్ సినిమాలో మరింత సహజంగా ఒదిగింది. యుద్ధ చిత్రం మాత్రం ఆలస్యంగా వచ్చినా గట్టిగా నిలబడింది. క్రిష్ ‘కంచె’ (2015) రెండో ప్రపంచయుద్ధాన్నీ పల్లెలోని కులం గోడనూ పక్కపక్కన పెట్టింది. సంకల్ప్ రెడ్డి ‘ఘాజీ’ (2017) 1971లో విశాఖ తీరంలో మునిగిన పాకిస్థాన్ జలాంతర్గామి కథ. రెండూ ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు అందుకున్నాయి.

సినిమాలు చూసే చోటు కూడా మారింది. ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చేనాటికి హైదరాబాద్ శివారులోని మాదాపూర్ బండరాళ్ల మధ్య ఒక పల్లె. 1998లో అక్కడ సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం వచ్చాక ఆ రూపమే మారిపోయింది. ఇంగ్లీషు సినిమా సికింద్రాబాద్ నుంచి ఐటీ కారిడార్ మల్టీప్లెక్సులకు తరలింది. వాటిలో పేరున్న ఏఎంబీ సినిమాస్‌ను 2018 డిసెంబరులో ఏషియన్ సంస్థతో కలిసి ప్రారంభించింది కృష్ణ కుమారుడు మహేశ్‌బాబే. పాత సినిమాలను 4కెలో మళ్లీ విడుదల చేసే ఒరవడి 2022లో ఊపందుకుంది. కృష్ణ మరణించాక వచ్చిన తొలి జయంతికి, 2023 మే 31న, ‘మోసగాళ్లకు మోసగాడు’ ఆ రూపంలో మళ్లీ విడుదలైంది.

చూడవలసిన వరస

నేటి వేగానికి అలవాటుపడిన ప్రేక్షకుడు నేరుగా ‘స్టేజ్‌కోచ్’తో మొదలుపెట్టనక్కర్లేదు. ‘మోసగాళ్లకు మోసగాడు’ చూసి, వెంటనే ‘మెకన్నాస్ గోల్డ్’, ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ చూస్తే ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఆపైన ‘నవరోన్’, ‘గ్రేట్ ఎస్కేప్’ ఉత్కంఠకు లోటు చేయవు. ‘సెవెన్ సమురాయ్’ మూడున్నర గంటల సినిమా కాబట్టి సెలవు రోజుకు అట్టిపెట్టుకోవడం మేలు. ‘రివర్ క్వాయ్’, ‘హై నూన్’ చివరికి ఉంచుకోవాలి. తుపాకి పేలడం కన్నా పేలేముందు మనిషి తీసుకునే నిర్ణయం గొప్ప యాక్షన్ అని ఆ రెండూ నిరూపిస్తాయి. ఆ తర్వాత ‘ఘాజీ’ చూస్తే, ఇరుకు జలాంతర్గామిలో ఇద్దరు అధికారుల నడుమ సాగే వాదన ఆ సంప్రదాయానిదేనని ఇట్టే పోల్చుకోవచ్చు.